బెంచి గేటు దగ్గర నిలబడి

నాకు స్కేటింగ్ రాదు. ఐస్ మీద నాలుగడుగులు వేస్తే ఐదో అడుగుకి కూలబడతాను. అయినా పోయిన సీజన్ మొత్తం మా అమ్మాయి ఐస్ హాకీ జట్టులో నాకూ ఒక ఉద్యోగం ఉండేది, జీతం లేనిది. పిల్లల భద్రత గురించిన కోర్సొకటి పూర్తిచేసి, బెంచికి డిఫెన్స్ వైపున్న గేటు దగ్గర నిలబడే హక్కు సంపాదించాను. ఆయాసపడుతూ వచ్చే పిల్లకి గేటు తియ్యాలి, ఇంకో పిల్లని బయటికి పంపాలి, ఎవరి వేళ్ళూ నలగకుండా గేటు వెయ్యాలి. ఈ ఆట గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ గేటు దగ్గరే తెలిసింది.

హాకీ అనగానే పచ్చిక మైదానం గుర్తొచ్చేవాళ్ళ కోసం ఒక్క ముక్క. ఐస్ హాకీలో గోల్ కాసే గోలీ కాక ఐదుగురు ఆడతారు: ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్. ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి స్కేట్ చేస్తే ముప్పావు నిమిషానికి ఊపిరి అందదు. అందుకని ఆట నడుస్తుండగానే మనుషులు మారిపోతుంటారు. ఆ ముప్పావు నిమిషాన్నే షిఫ్ట్ అంటారు. అంచేత ఈ ఆటలో బెంచి మీద కూర్చోవడం అవమానమేమీ కాదు. ఎంత గొప్ప ఆటగాడైనా సగం మ్యాచ్ బెంచి మీదే గడుపుతాడు. కూర్చున్నవాళ్ళు షిఫ్ట్ షిఫ్ట్‌కీ గేటు వైపు జరుగుతూ వస్తారు. గేటు పక్కకి చేరారంటే తర్వాతి వంతు తమదే. శిక్షగా కూర్చోబెట్టడం అంటే ఈ జరగడం ఆగిపోవడం. మిగతా పిల్లలు ఆ పిల్ల మోకాళ్ళని రాసుకుంటూ గేటు దగ్గరకి వెళ్ళిపోతారు. ఆ పిల్ల మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అంతకుముందు సీజన్లో అలా ఉన్నచోటే ఉండిపోయింది మా అమ్మాయి. అప్పటికి తనకి 11 ఏళ్ళు. ఒక టోర్నమెంటు సెమీఫైనల్. రెండో పీరియడ్ చివర్లో మా గోల్ పక్కన తనకి పక్, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ, దొరికింది. ఐస్ చుట్టూ గోడలా ఉండే గ్లాసుకేసి కొట్టి బయటికి తోలెయ్యొచ్చు, అందరూ చేసేది అదే. తను అలా చెయ్యలేదు. మీదకొచ్చిన పిల్లని భుజంతో మోసగించి, పక్కకి తప్పుకుని, మధ్యలో ఖాళీగా ఉన్న స్నేహితురాలికి పాస్ ఇవ్వబోయింది. పాస్ తెగింది, గోల్ పడింది, స్కోరు 2-2 అయింది. మూడో పీరియడ్లో తను ఒక్క షిఫ్ట్ కూడా ఆడలేదు. మేము 3-2తో గెలిచాం. పిల్లలంతా ఐస్ మీదకి ఉరికి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటే తనూ వెళ్ళింది, అందరికన్నా వెనక.

కార్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "నాన్నా, నేను లేకపోబట్టే గెలిచామా?"

"అదేం లేదమ్మా" అన్నాను. నేను అలా అంటానని తనకి ముందే తెలుసు.

ఆ తర్వాత వారాల్లో జరిగింది చెప్పాలి. నా వాదనంతా దాని మీదే నిలబడింది. తను అలగలేదు, హాకీ మానేస్తాననలేదు. బాగా ఆడింది కూడా, చూసేవాళ్ళ లెక్కలో. పక్ దొరకడం ఆలస్యం, గ్లాసుకేసి ఒక్క దెబ్బ. మళ్ళీ దొరికితే మళ్ళీ గ్లాసే. పాసులు తెగడం మానేశాయి, ఎందుకంటే పాసులే లేవు. కోచ్ మెచ్చుకున్నాడు. పక్కన కూర్చున్న ఇంకో పిల్ల తండ్రి, "మీ అమ్మాయి ఆట కుదురుకుందండీ" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. చాలా రోజులకి, పబ్లిక్ స్కేటింగ్ సమయంలో నలుగురు పిల్లలతో సరదాగా ఆడుతుంటే చూశాను. భుజంతో మోసగించడం, పక్కకి తప్పుకోవడం, వెనక్కి చూడకుండా పాస్ ఇవ్వడం, అన్నీ ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు. జెర్సీ వేసుకున్నప్పుడు మాత్రం బయటికి రావడం లేదు.

పిల్లల్ని బెంచి మీద కూర్చోబెడితే పాఠం నేర్చుకుంటారా అని అడిగితే, తప్పకుండా నేర్చుకుంటారు. మనం చెప్పాలనుకున్న పాఠం మాత్రం కాదు. "ఆ పాస్ ఇచ్చేముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడు" అన్నది కోచ్ మనసులో ఉన్న పాఠం కావచ్చు. పిల్లకి అందింది "పాస్ ఇవ్వకు" అని. బెంచికి నోరు లేదు కదా, అంత వివరంగా చెప్పలేదు.

డిఫెన్స్ ఆడేవాళ్ళకి ఇది మరీ ఖరీదైన పాఠం. ఫార్వర్డ్ తప్పు చేస్తే సరిదిద్దడానికి వెనక ఇంకో నలుగురుంటారు. డిఫెన్స్ తప్పు చేస్తే వెనక గోలీ ఒక్కరే. తప్పు అందరికీ కనిపిస్తుంది, స్కోరుబోర్డు మీద కూడా కనిపిస్తుంది. అందుకే పిల్లల జట్లలో మొదట బెంచి ఎక్కేది డిఫెన్స్ పిల్లలే. విచిత్రం ఏమిటంటే, పై స్థాయికి వెళ్ళేకొద్దీ డిఫెన్స్ ఆటగాడిలో వెతికేది ఆ నైపుణ్యాన్నే: ఒత్తిడిలో పక్ పట్టుకుని, మొదటి పాస్ శుభ్రంగా ఇచ్చి, ఆటని వెనక నుంచి మొదలుపెట్టడం. అది తప్పులు చేస్తూ చేస్తూ నేర్చుకునే విద్య. నీళ్ళలో దిగకుండా ఈత ఎలా వస్తుంది? 11 ఏళ్ళప్పుడు తెగిన పాస్ వల్ల పోయేది, నెల తిరిగేసరికి ఎవరికీ గుర్తుండని ఒక మ్యాచ్. 17 ఏళ్ళప్పుడు కొత్తగా ప్రయత్నించి తప్పు చేస్తే పోయేవి చాలా ఉంటాయి. తప్పులు చవగ్గా దొరికే వయసులో వాటిని కొనుక్కోనివ్వకపోతే ఎప్పుడు కొంటారు?

ఇక్కడ బెంచి పక్షం వాళ్ళు పెద్దల లీగుని చూపిస్తారు. అమెరికా, కెనడాల ప్రొఫెషనల్ లీగైన ఎన్‌హెచ్‌ఎల్‌లో కోచ్‌లు కుర్రాళ్ళని పక్కనపెట్టి దారిలో పెట్టడం లేదా అంటారు. సరే, అక్కడికే వెళ్దాం. అక్కడ దీనికి హెల్తీ స్క్రాచ్ అని పేరు. దెబ్బ తగల్లేదు, జ్వరం రాలేదు, అయినా ఆ రోజు జెర్సీ ఇవ్వరు. మ్యాచ్‌కి 18 మంది స్కేటర్లకీ ఇద్దరు గోలీలకీ మాత్రమే చోటు, జాబితాలో 23 మంది దాకా ఉండొచ్చు. ఎవరో ఒకరు సూటు వేసుకుని పై నుంచి చూడాల్సిందే. ఆ ఎవరో ఒకరు కుర్రాడు కావడం మామూలు.

కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో ఎంపిక ఒక పిక్. అలెక్సిస్ లాఫ్రెనియేర్‌ని 2020లో మొట్టమొదటి పిక్‌గా న్యూయార్క్ రేంజర్స్ తీసుకుంది. 2022 డిసెంబరులో కోచ్ అతన్ని పక్కనపెట్టాడు. ఆ సీజన్లో అతనివి 16 గోల్స్. మరుసటి సీజన్లో 28. చూశారా, బెంచి పని చేసింది అంటారు. మధ్యలో కోచ్ మారాడని, అతన్ని కుడివైపుకి మార్చి పనారిన్, ట్రోచెక్ లాంటి పేరున్న ఆటగాళ్ళ పక్కన ఆడనిచ్చారని చెప్పరు. పోయినేడాది వేసుకున్న మాత్రకి ఈ ఏడాది జ్వరం తగ్గిందనడం లాంటిదిది.

అదే జట్టు, అదే కాలం, ఇంకో కుర్రాడు. కాపో కాకో, 2019లో రెండో పిక్. 2022లో, లీగు ఫైనల్‌కి ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ ఆరో మ్యాచ్‌కి అతన్ని పక్కనపెట్టారు. రేంజర్స్ ఆ మ్యాచ్ ఓడి ఇంటికి వెళ్ళింది. 2024 డిసెంబరులో మళ్ళీ పక్కనపెడితే, జట్టు ఓడుతున్నప్పుడు కుర్రాణ్ణి తీసెయ్యడం తేలిక అన్న అర్థంలో అతను బయటికే అనేశాడు. ఒకట్రెండు రోజుల్లో ట్రేడ్ అయిపోయి సియాటిల్ జట్టుకి వెళ్ళాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకి కొత్త కాదు కాబట్టి, ఆ మాట వినగానే నాకు సులువుగా అర్థమైంది.

యెస్పెరి కొట్కానియెమి కథ చదివినప్పుడల్లా మనసు అదోలా అయిపోతుంది. 2018లో మూడో పిక్, మాంట్రియాల్. 18 ఏళ్ళకే తీసుకొచ్చి ఆ సీజన్లోనే 79 మ్యాచ్‌లు ఆడించారు. తర్వాత కింది లీగుకి పంపారు, మళ్ళీ రప్పించారు. 2021లో జట్టు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఫైనల్ నాలుగో మ్యాచ్‌కీ ఐదో మ్యాచ్‌కీ అతన్ని కూర్చోబెట్టారు. నాలుగోది జులై 5న, ఐదోది జులై 7న. మధ్యలో జులై 6న అతనికి 21 ఏళ్ళు నిండాయి. ఆ వేసవిలోనే కరోలినా ఇచ్చిన ఆఫర్ మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

వీళ్ళ పక్కన లియాన్ డ్రైసైట్‌ల్‌ని పెట్టి చూడండి. 2014లో ఇతనూ మూడో పిక్కే, ఎడ్మంటన్. మొదటి సీజన్లో 37 మ్యాచ్‌లకి 2 గోల్స్. ఆట ఇంకా అందడం లేదని వాళ్ళకీ కనిపించింది. అతన్ని నాలుగో లైన్లో ఐదేసి నిమిషాలు ఆడిస్తూ, నచ్చనప్పుడు స్క్రాచ్ చేస్తూ కూర్చోలేదు. 2015 జనవరిలో జూనియర్ లీగుకి తిప్పి పంపేశారు. అక్కడ కెలోనా జట్టులో పక్ అంతా అతని చుట్టూనే తిరిగింది. ఆ ఏడాది జూనియర్ జట్ల మెమోరియల్ కప్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. 2020లో ఎన్‌హెచ్‌ఎల్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ తీసుకున్నాడు. కింది లీగుకి పంపడమూ ఒకరకంగా బెంచే కదా అని మా స్నేహితుడొకడు వాదించాడు. కాదు. పంపేస్తే ఎక్కడో ఒకచోట రాత్రికి 20 నిమిషాలు ఆడతాడు. కూర్చోబెడితే ఎక్కడా ఆడడు.

షేన్ రైట్ విషయంలో ఇది దాదాపు ప్రయోగశాలలో పెట్టి చూపించినట్టు జరిగింది. 2022లో నాలుగో పిక్, సియాటిల్. సీజన్ మొదట్లో కాసిని నిమిషాలు ఆడించడం, లేకపోతే స్క్రాచ్. అప్పటి నిబంధన ప్రకారం కెనడా జూనియర్ లీగుల నుంచి వచ్చిన అతని వయసు కుర్రాణ్ణి మామూలుగా కింది లీగైన ఏహెచ్‌ఎల్‌కి పంపకూడదు. అయితే జట్టులో ఉంచాలి, లేకపోతే జూనియర్‌కి తిప్పి పంపాలి. వరుసగా 5 మ్యాచ్‌లు స్క్రాచ్ చేశాక, మ్యాచ్ అలవాటు తప్పిందన్న కారణంతో కొద్దిరోజులకి ఏహెచ్‌ఎల్‌కి పంపే వెసులుబాటు దొరికింది. అక్కడ 5 మ్యాచ్‌ల్లో 4 గోల్స్ కొట్టాడు. తిరిగి రాగానే, డ్రాఫ్టులో తనని కాదనుకున్న మాంట్రియాల్ మీదే ఎన్‌హెచ్‌ఎల్‌లో తన మొదటి గోల్ వేశాడు. నెల క్రితం బెంచి మీద కూర్చున్న కుర్రాడే. కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, ఆడాడంతే.

అన్నీ నాకు అనుకూలమైనవే చెప్తున్నానని మీకు అనిపించాలి. అనిపించకపోతే అడగండి, మాత్వే మిచ్‌కోవ్ సంగతేమిటని. 2024 నవంబరులో ఫిలడెల్ఫియా కోచ్ జాన్ టోర్టొరెల్లా ఆ 19 ఏళ్ళ కుర్రాణ్ణి రెండు మ్యాచ్‌లు కూర్చోబెట్టాడు. మిచ్‌కోవ్ ఆ సీజన్ని 26 గోల్స్‌తో, గోల్స్‌కి ఇచ్చిన పాసులు కూడా కలిపి 63 పాయింట్లతో ముగించాడు. కుంగిపోలేదు, ఆట ముడుచుకోలేదు. నిజమే. కానీ రెండు మ్యాచ్‌లు రెండే. తర్వాత అతనికి తన నిమిషాలు తిరిగొచ్చాయి, ఎదుటి జట్టుకి ఒక మనిషి తక్కువైనప్పుడు ఆడే పవర్ ప్లేలో చోటు తిరిగొచ్చింది, సాహసం చేసే స్వేచ్ఛ తిరిగొచ్చింది. ఎంతసేపు కూర్చోబెట్టారు, తిరిగి ఎక్కడికి రానిచ్చారు అన్నదాంట్లోనే తేడా ఉందని నాకు అనిపిస్తుంది.

తప్పుల్ని భరించడం వల్ల ఏమవుతుందో చూడాలంటే కోల్ కాఫీల్డ్‌ని చూడొచ్చు. 2021-22 సీజన్లో అతను మొదటి 30 మ్యాచ్‌లకి ఒక్క గోల్ వేశాడు. ఫిబ్రవరిలో మాంట్రియాల్‌కి కోచ్‌గా మార్టిన్ సాన్ లూయీ వచ్చాడు. మిగిలిన 37 మ్యాచ్‌ల్లో కాఫీల్డ్ 22 గోల్స్ వేశాడు. సాన్ లూయీని ఆటగాడిగా ఏ జట్టూ డ్రాఫ్ట్ చెయ్యలేదు. మొదట చేరిన కాల్గరీ వదిలేసింది. అలాంటి మనిషికి బెంచి చివర కూర్చోవడం అంటే ఏమిటో పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేదు.

ఇవన్నీ కోట్లు సంపాదించే పెద్దవాళ్ళ సంగతులు. పిల్లల దగ్గర లెక్క ఇంకా మొరటుగా ఉంటుంది. మూడు పీరియడ్లూ కలిపి 45 నిమిషాల మ్యాచ్ అనుకోండి. డిఫెన్స్ ఆరుగురు, ఒకసారికి ఇద్దరు. సమానంగా పంచితే తలా 15 నిమిషాలు. చివరి పీరియడ్లో మూడో జంటని కూర్చోబెడితే వాళ్ళకి దక్కేది 10, మిగతా నలుగురికీ 17న్నర. తేడా ఏడున్నర నిమిషాలే, పెద్దగా అనిపించదు. 40 మ్యాచ్‌ల సీజన్లో ఇదే జరిగితే తేడా 300 నిమిషాలు. అంటే ఒక పిల్ల వాటాకి రావాల్సిన 20 పూర్తి మ్యాచ్‌లు. వచ్చే ఏడాది ఎంపికల్లో ఈ ఇద్దరు పిల్లల్నీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరు బాగా ఆడుతున్నారో చూసి, "చూశారా, మేము ముందే చెప్పాం" అంటాం. విత్తనం వెయ్యని మడిలో పంట రాలేదని నేలని తిట్టినట్టు.

పైగా ఆ మూడో జంటలో ఎవరుంటారు? 1985లో మనస్తత్వవేత్త రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు కెనడా హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలు చూశారు. ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళు ఎక్కువ, చివరి నెలల్లో పుట్టినవాళ్ళు తక్కువ. వయసు వర్గాన్ని డిసెంబరు 31తో తెంపుతారు కాబట్టి, ఒకే జట్టులో జనవరి పిల్లకీ డిసెంబరు పిల్లకీ దాదాపు ఏడాది తేడా. 10, 11 ఏళ్ళప్పుడు ఏడాదంటే రెండంగుళాల ఎత్తు, బోలెడు బలం. గెలవడానికి "బాగా ఆడేవాళ్ళని" పంపుతున్నాం అనుకుంటాం. చాలాసార్లు మనం పంపేది ముందు పుట్టినవాళ్ళని. ఈ చిక్కు తెలిసో తెలియకో, నార్వే క్రీడా సమాఖ్య అన్ని ఆటలకీ కలిపి ఒక కట్టుబాటు పెట్టుకుంది: 11 ఏళ్ళ లోపు పిల్లలకి పట్టికలూ ర్యాంకులూ ఉండవు, 13 ఏళ్ళ లోపు జాతీయ ఛాంపియన్‌షిప్పులు ఉండవు. పట్టికే లేనప్పుడు చివరి పీరియడ్లో పిల్లని కూర్చోబెట్టి గెలవాలన్న ఆరాటం కోచ్‌కి ఎక్కడి నుంచి వస్తుంది?

గోలీల సంగతి నేను ఎత్తుకోను. ఇద్దరుంటే ఒకరు కూర్చోవాల్సిందే, అది ఆ ఉద్యోగ ధర్మం. వంతులు వేసుకుంటే సరిపోతుంది.

ఇంత చెప్పాక, అసలు బెంచే వద్దంటున్నానా? అనడం లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అనేవాళ్ళని నేను కొట్టిపారెయ్యను. గేటు దగ్గర నిలబడ్డాక ఒక రకం తప్పు నాకు బాగా తెలిసొచ్చింది, స్టాండ్స్‌లో కూర్చున్నప్పుడు అస్సలు కనపడనిది. షిఫ్ట్ అయిపోయినా వెనక్కి రాకపోవడం. ముప్పావు నిమిషం దాటింది, నిమిషం దాటింది, నిమిషంన్నర అయింది, జంటలో రెండో పిల్ల వచ్చేసింది, ఈ పిల్ల మాత్రం గోల్ వేద్దామన్న ఆశతో అటే తిరుగుతోంది. గేటు దగ్గర తర్వాతి పిల్ల కర్ర పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇది నైపుణ్యంలో తప్పు కాదు, పక్కవాళ్ళ సమయం తినేయడం. దీనికి బెంచే సరైన మందు: నువ్వు ఇంకొకరి షిఫ్ట్ తిన్నావు, నీ షిఫ్ట్ ఒకటి వాళ్ళకి పోతుంది. శిక్షలోనే లెక్క ఉంది, వివరించక్కర్లేదు. పక్ పోయాక మొహం మాడ్చుకుని వెనక్కి స్కేట్ చెయ్యకపోవడం, జట్టు పిల్లనే తిట్టడం, ఇవీ అలాంటివే. ఒక షిఫ్ట్, మహా అయితే రెండు. కోచ్ వంగి చెవిలో కారణం చెప్పాలి. తర్వాత మళ్ళీ గేటు వైపు జరగనివ్వాలి. జట్టులో అందరికన్నా బాగా ఆడే పిల్లకీ ఇదే వర్తించాలి. వర్తించదని పిల్లలకి తెలిసిపోయిన రోజున దానికి క్రమశిక్షణ అన్న పేరు నిలవదు, బలహీనుల మీద పన్నుగా మిగులుతుంది. పిల్లలకి ఇది తెలియడానికి రెండు మ్యాచ్‌లు చాలు.

నేను వద్దంటున్నది తెగిన పాస్‌కి కూర్చోబెట్టడం. తెగిన పాస్‌కి మందు ఇంకో పాస్. కుదిరితే తర్వాతి షిఫ్ట్‌లోనే.

సెమీఫైనల్ అయిన మర్నాడు కోచ్‌తో మాట్లాడాను. మర్నాడే ఎందుకంటే, మ్యాచ్ అయ్యాక 24 గంటలు దాటేదాకా తల్లిదండ్రులు ఫిర్యాదు చెయ్యకూడదని చాలా జట్లలో నియమం ఉంటుంది. మంచి నియమం. ఆ రాత్రే మాట్లాడి ఉంటే ఈ వ్యాసం రాసే మొహం నాకు మిగిలేది కాదు. ఆయనా మా లాంటి తండ్రే, సొంత పని చూసుకుని సాయంత్రాలు వచ్చి కోచింగ్ ఇచ్చే మనిషి. నేను చెప్పిందంతా విన్నాడు.

"నా దగ్గర 45 సెకన్లుంటాయి. ఎవరి వంతు అని చూడాలా, ఎవరు గోల్ ఇవ్వరో చూడాలా? వెనక గ్లాసు దగ్గర 15 కుటుంబాలు అరుస్తుంటాయి. అందులో మీరూ ఉన్నారు."

ఉన్నాను. సెమీఫైనల్లో మా అమ్మాయి కూర్చున్నంతసేపూ, నా నోటి నుంచి వచ్చిన కేకలు జట్టు గెలవాలనే.

"ఊరికే అంటున్నాననుకోకండి. వచ్చే సీజన్ బెంచి మీదకి రండి. మనిషి కావాలి కూడా" అన్నాడు. అలా వచ్చిందే నా గేటు ఉద్యోగం.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే నేను మంచివాణ్ణని మీరు అనుకునే ప్రమాదం ఉంది.

రెండో సీజన్ వచ్చేసరికి మా అమ్మాయి పొడుగు సాగింది. గ్లాసుకేసి కొట్టడం కొద్దికొద్దిగా మానింది. అందులో నా గొప్పేమీ లేదు, డిఫెన్స్ పిల్లల్ని చూడడానికి కొత్తగా వచ్చిన కాలేజీ అమ్మాయి పుణ్యం. తప్పు పాస్ ఇచ్చి వచ్చిన ప్రతిసారీ తన పక్కన కూర్చుని "ఆలోచన మంచిదే, ఒక్క క్షణం ఆలస్యమైంది" అనేది, అంతే. డిసెంబరుకల్లా తను మొదటి జంటలో ఉంది. మూడో జంటలోకి ఇంకో పిల్ల వచ్చింది. చిన్నగా, సన్నగా, హెల్మెట్ కిందకి జారిపోతూ ఉండేది. పుట్టినరోజు క్రిస్మస్ దగ్గర అని ఒకసారి తనే చెప్పింది.

మ్యాచ్ బిగుసుకున్నప్పుడల్లా కోచ్ రెండు జంటలతో నడిపించేవాడు. మా అమ్మాయికి 17 నిమిషాలు, 18 నిమిషాలు వచ్చేవి. నేను ఒక్కసారి కూడా నోరెత్తలేదు. లెక్కలు తెలియక కాదు, పైన చెప్పిన 300 నిమిషాల లెక్క అప్పటికే వేసి పెట్టుకున్నాను. బార్న్‌స్లీ గురించి చదివాను. కొట్కానియెమి పుట్టినరోజు కూడా తెలుసు. ఇవన్నీ కోచ్‌కి చెప్పడానికి నాకు ఎవరి కుటుంబమూ అడ్డం రాలేదు, 24 గంటల నియమమూ అడ్డం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏడున్నర నిమిషాలు ఇప్పుడు మా ఇంటికి వస్తున్నాయి.

ఫిబ్రవరిలో ఒక మ్యాచ్. మూడో పీరియడ్, ఇంకా ఆరు నిమిషాలుంది, ఒక్క గోల్ ఆధిక్యంలో ఉన్నాం. ఆ పిల్ల పీరియడ్ మొదట్నుంచీ బెంచి ఆ చివర కూర్చుని ఉంది. ఎవరూ జరగమనకపోయినా తనంతట తనే కాస్త కాస్త జరుగుతూ గేటు దాకా వచ్చేసింది. హెల్మెట్ పైకి ఎత్తుకుని నా వైపు చూసి, "తర్వాత నేనేనా?" అని అడిగింది.

నేను కోచ్ వైపు చూశాను. ఆయన ఐస్ మీద నుంచి చూపు తిప్పకుండానే చేత్తో మొదటి జంటకి సైగ చేశాడు.

గేటు తీశాను. మా అమ్మాయి వెళ్ళడానికి వీలుగా ఆ పిల్ల మోకాళ్ళు పక్కకి తిప్పుకుంది.